మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి: ప్రాజెక్టుల మీదా, ప్రజల చేతిలోనా?

ప్రొద్దుటూరు నుంచి ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్న మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "కరోనా వంటి దెబ్బ తగిలిన తర్వాత అభివృద్ధి చెందుతున్న దేశం కోలుకోవాలంటే, ప్రభుత్వం తన దగ్గరున్న కొద్దిపాటి డబ్బును ముందుగా దేనికి కేటాయించాలి? రోడ్లు, ప్రాజెక్టుల మీద పెట్టిన రూపాయి రెండున్నర రూపాయలై తిరిగివస్తుందని మా పాఠాల్లో ఉంది. అలాంటప్పుడు జనానికి నేరుగా డబ్బివ్వడం వృథా కాదా? మన సీమకు నాలుగు పెద్ద ఫ్యాక్టరీలు వస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకోవా?"

నేను విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాణ్ణి కాను. ఒక గ్రామీణ బ్యాంకులో 1987లో చేరి, కళ్యాణదుర్గం, కదిరి, ఆదోని, రాయచోటి ప్రాంతాల శాఖల్లో పనిచేసి, 2020 చివర్లో అనంతపురంలో పదవీ విరమణ చేశాను. కనుక నా సమాధానంలో సిద్ధాంతం కంటే బ్యాంకు కౌంటరు ఇవతలి నుంచి చూసిన సంగతులే ఎక్కువగా ఉంటాయి.

సూటిగా చెప్పాలంటే, మొదటి రూపాయి జనం తమ పని సాధనాలను అమ్ముకోకుండా ఆపడానికి పోవాలి. కూలి డబ్బు, తిండి గింజలు, విత్తనం, చిన్న వ్యాపారి చేతి పెట్టుబడి ఈ కోవలోకి వస్తాయి. రెండో రూపాయి కొత్త శంకుస్థాపనలకు కాకుండా, సగంలో ఆగిన పనులను పూర్తి చేయడానికీ, ఉన్నవాటి మరమ్మతుకూ పోవాలి. కొత్త భారీ ప్రాజెక్టులు, పరిశ్రమలకు రాయితీలు ఆ తర్వాతి వంతు. అవి అక్కర లేనివని నా ఉద్దేశం కాదు. వాటి ఫలం చేతికందేలోగా జనం దగ్గర ఏమీ మిగలకపోతే, ఆ ఫలాన్ని అందుకునేవాళ్లు బయటి నుంచి రావలసి వస్తుందని మాత్రమే నా ఉద్దేశం.

దీనికి కారణం చిన్న లెక్కలో ఉంది. 2002-03 కరువులో కళ్యాణదుర్గం వైపు ఒక రైతు మేత లేక తన కాడెద్దులను వేసవిలో సంతకు తోలి 9,000 రూపాయలకు అమ్ముకున్నాడు. అదే సంతకు అందరూ ఎద్దులను తోలుకొస్తుంటే ధర అంతకు మించి ఎలా పలుకుతుంది? మరుసటి సంవత్సరం వాన పడి నేల పదునెక్కినప్పుడు అందరూ ఒక్కసారే ఎద్దుల కోసం తిరిగారు. అదే ఈడు జత 20,000 పలికింది. తక్కువ పడిన 11,000 అతడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు, అంటే ఏడాదికి 36 శాతం. అది తీరేలోపు ఇంకొక చెడ్డ ఏడాది వచ్చింది. కరువు ఆ కుటుంబానికి కలిగించిన నష్టం ఒక పంట మాత్రమే. అయిదేళ్ల సంపాదన పోయింది మాత్రం ఎద్దులను అమ్ముకోవడం వల్ల. ఆ వేసవిలో మూడు నెలల పాటు గడ్డి, కూలి దొరికి ఉంటే, ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఆ 11,000లో మూడో వంతు కూడా ఉండేది కాదు.

ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు నష్టం రెండు విడతలుగా వస్తుందని మీరు గుర్తుంచుకోవాలి. మొదటిది ఆ ఏడాది పోయిన ఆదాయం. రెండోది ఆ ఆదాయం లేక జనం వదులుకున్న పశువులు, నగలు, పిల్లల చదువు, దుకాణంలోని సరుకు. మొదటిది జీడీపీ లెక్కల్లో వెంటనే కనబడుతుంది. 2020 ఏప్రిల్-జూన్ మధ్య మన దేశ ఉత్పత్తి అంతకు ముందరి ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయిందని తొలి అంచనాలు చెప్పాయి. రెండోది ఏ లెక్కలోనూ వెంటనే కనబడదు. అందుకే ప్రభుత్వాలు మొదటిదాని వెంట పరుగెత్తుతాయి, రెండోదాన్ని ఆలస్యంగా గుర్తిస్తాయి.

ఇప్పుడు మీ పాఠంలోని రెండున్నర రూపాయల సంగతి. ప్రభుత్వ ఆర్థిక విధానాలను అధ్యయనం చేసే ఢిల్లీ సంస్థ ఎన్‌ఐపీఎఫ్‌పీ పరిశోధకుల అంచనాలో మూలధన వ్యయ గుణకం, అంటే రోడ్లు, ప్రాజెక్టుల మీద పెట్టిన ఒక రూపాయి ఎన్ని రూపాయల ఉత్పత్తిగా మారుతుందన్న లెక్క, 2.45. బదిలీ చెల్లింపుల, అంటే జనానికి నేరుగా ఇచ్చే డబ్బు, గుణకం ఒకటికి కాస్త తక్కువ. కేంద్రం మూలధన వ్యయాన్ని 2021-22 బడ్జెట్‌లో 5.54 లక్షల కోట్లకు, 2022-23లో 7.5 లక్షల కోట్లకు, 2023-24లో 10 లక్షల కోట్లకు పెంచుకుంటూ పోయినప్పుడు ఈ వాదనే దాని వెనుక ఉంది. ఆ అంకెతో నాకు పేచీ లేదు. అయితే ఆ అంకె దేశం మొత్తానికి, కొన్నేళ్ల మీద వేసిన లెక్క. అందులో అదను లేదు, చోటు కూడా లేదు. భూసేకరణ పూర్తికాని ప్రాజెక్టుకు కేటాయించిన రూపాయి రెండేళ్ల పాటు ఖాతాలోనే ఉంటుంది, అంతవరకూ దాని గుణకం సున్నా. ఇక చోటు విషయానికొస్తే, అనంతపురంలో రోడ్డు వేస్తే ఇనుము, తారు, యంత్రాలు, వాటిని నడిపేవాళ్లు ఎక్కువగా బయటి నుంచే వస్తారు. సిమెంటు ఒక్కటే ఎర్రగుంట్ల నుంచి వస్తుందనుకుందాం. దేశానికి రెండున్నర వచ్చినా మన తాలూకాకు మిగిలేది ఎంత? కూలి పంచిన రూపాయి మొదట తిరిగేది మాత్రం ఊరి అంగడిలోనే. కూలి పంపిణీ జరిగిన వారం మా శాఖలో చిన్న దుకాణదారుల డిపాజిట్లు పెరగడం నేను ఏళ్ల తరబడి చూశాను.

మా అనంతపురం జిల్లాకే గర్వకారణమైన ఉదాహరణ ఒకటుంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మొదట 200 జిల్లాల్లో ప్రారంభించి, 2008 నాటికి దేశంలోని గ్రామీణ ప్రాంతాలన్నిటికీ విస్తరించారు. మావాళ్లు దాన్ని "కరువు పని" అనే అన్నారు, ఎందుకంటే ప్రభుత్వం పని చూపేది కరువులోనే అన్నది తాతల నాటి అనుభవం. తేడా ఎక్కడుందంటే, ఇది కరువును ప్రకటించేదాకా ఆగనక్కర లేని పని. అడిగితే ఇవ్వాలని చట్టం చెప్పింది. ఆ తేడా విలువ 2020లో తెలిసింది. పట్టణాల్లో పనులు ఆగి, వలస పోయినవాళ్లు ఊళ్లకు తిరిగొచ్చినప్పుడు కొత్త పథకం రాయడానికి ఎవరికీ తీరిక లేదు. ఉన్న పథకానికే డబ్బు పెంచారు. బడ్జెట్‌లో మొదట చూపిన 61,500 కోట్లకు మే నెలలో మరో 40,000 కోట్లు కలిపారు, ఏడాది ముగిసేసరికి ఖర్చు 1.1 లక్షల కోట్లు దాటింది. ఆ ఒక్క సంవత్సరంలో దాదాపు 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి.

ఇక్కడ ఒక పాఠం ఉంది, అది చాలా వ్యాసాల్లో కనబడదు. ఆపదలో పనికొచ్చే యంత్రాంగాన్ని ఆపద రాకముందే కట్టుకోవాలి. బ్రెజిల్‌కు పేద కుటుంబాల జాబితా, వారికి డబ్బు చేర్చే దారి 2003 నుంచే ఉన్నాయి కాబట్టి, 2020 ఏప్రిల్‌లో నెలకు 600 రియల్‌ల (బ్రెజిల్ కరెన్సీ) అత్యవసర సాయాన్ని ఆరున్నర కోట్ల మందికి పైగా అందించగలిగింది. ఆ ఏడాది అక్కడ పేదరికం పెరగకపోగా తగ్గింది, సాయం తగ్గించి ఆపిన తర్వాత మళ్లీ పెరిగింది. పెరూ ప్రభుత్వం కూడా ఉదారంగానే ప్రకటించింది. కానీ ఎక్కువ మందికి బ్యాంకు ఖాతాలు లేక, డబ్బు కోసం జనం వరుసల్లో గుమిగూడవలసి వచ్చింది, ఆ దేశ ఉత్పత్తి 2020లో దాదాపు 11 శాతం పడిపోయింది. మన దగ్గర జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేయగలిగారు. 500 చాలా తక్కువ మొత్తమే, అయినా వేయడానికి ఖాతా అంటూ ఉంది. ఖాతాలు తెరిపించే రోజుల్లో "సున్నా నిల్వ ఖాతాలతో మాకేం పని" అని విసుక్కున్న బ్యాంకు ఉద్యోగుల్లో నేనూ ఒకణ్ణి. 2020 ఏప్రిల్‌లో శాఖ ముందు గీసిన వలయాల్లో నిలబడిన ఆడవాళ్లను చూసిన తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అయితే కూలి పనిని ఆకాశానికెత్తడం కూడా నా ఉద్దేశం కాదు. 15 రోజుల్లో చెల్లించాలన్న కూలి రెండు మూడు నెలలకు చేతికొస్తే ఆ పథకం సగం చచ్చినట్టే, ఎందుకంటే ఆ మధ్యకాలంలో కుటుంబం వడ్డీ వ్యాపారి దగ్గరకు పోనే పోతుంది. పడమటి కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోతాయి. ఊళ్లో పని ఉన్నా ఎందుకు పోతున్నారని ఒకసారి అడిగితే, "అక్కడ వారం వారం చేతికి దుడ్డు ఇస్తారు సార్" అన్నారు. కూలి రేటు కంటే కూలి అందే రోజే వాళ్లకు ముఖ్యం. విధాన పత్రాల్లో రేటు గురించి పేజీలకు పేజీలుంటాయి, రోజు గురించి ఒక వాక్యం కూడా ఉండదు.

చరిత్రలోకి కాస్త పోవలసిందే, ఎందుకంటే మన నాలుగు జిల్లాలు ఈ ప్రశ్నకు ఒకప్పుడు ప్రయోగశాలలయ్యాయి. 1876-78 నాటి ధాత కరువులో సీమకు ధాన్యం రాలేదనుకోవడం పొరపాటు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు పోయే రైలు మార్గం 1871కే పూర్తయింది, ధాన్యం ఆ రైళ్లలో వచ్చింది. కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. సహాయ పనుల్లో ఇచ్చే కూలి ఎక్కువైపోతోందని కలకత్తా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేసే మనిషికి రోజుకు ఒక పౌను (అర కిలోకు కాస్త తక్కువ) ధాన్యం, దాని మీద ఒక అణా చాలునని తేల్చాడు. ఖజానాకు ఆదా అయిన ఆ కొద్ది మొత్తానికి మద్రాసు రాష్ట్రం లక్షల ప్రాణాలను, లెక్కలేనన్ని పశువులను చెల్లించుకుంది. ఆ అనుభవం తర్వాతే 1880 నాటి కరువు కమిషన్, ఆపైన కరువు నియమావళి వచ్చాయి. కూలి ఎంత ఉండాలో, పని ఎప్పుడు తెరవాలో ముందే రాసిపెట్టుకోవాలన్న ఆలోచన ఆ నియమావళిలో ఉంది. ఉపాధి చట్టానికి దాన్ని ముత్తాతగా చెప్పవచ్చు.

రెండో ప్రయోగం కర్నూలు-కడప కాలువ. "ప్రాజెక్టు కడితే చాలు" అనేవారందరూ దీని కథ తెలుసుకోవాలి. ఆర్థర్ కాటన్ ఆలోచనతో, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పది లక్షల బ్రిటిష్ పౌండ్ల పెట్టుబడితో, 1860ల్లో సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప దాకా ఈ కాలువ తవ్వింది. పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ. నేటి మాటల్లో చెప్పాలంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, అందులోనూ నష్టభయం మొత్తం ప్రభుత్వానిది. కాలువ వచ్చింది, పడవలూ నడిచాయి, కానీ నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండించుకునే రైతులు కాలువ నీటికి పన్ను కట్టడానికి ముందుకు రాలేదు. మడి కట్టాలంటే పొలం చదును చేయాలి, ఎరువు కావాలి, పెట్టుబడి కావాలి. వాళ్లకు అప్పిచ్చేవారెవరు? కంపెనీ లాభాల మాట అటుంచి ఖర్చులకే కష్టపడింది, చివరికి 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఇదే కాలువ కింద నేడు సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాబట్టి కాటన్ దొర తప్పని నేననను. మౌలిక వసతి తన ఫలాన్ని ఇస్తుంది, కానీ రైతు చేతిలో పెట్టుబడి లేకపోతే ఒకటి రెండు తరాలు ఆలస్యంగా ఇస్తుంది.

ఈ కాలువ గురించి ఇంత చెప్పడానికి ఇంకొక కారణం, నేను చేసిన ఇలాంటి తప్పే. ఆ 2002-03 కరువు తర్వాత ఒక సహాయ పథకం కింద మా శాఖ దాదాపు అరవై కుటుంబాలకు పాడి గేదెలకు అప్పులిచ్చింది. లక్ష్యం రెండు నెలల్లో పూర్తి చేయాలి. అందరం ఒకే సంతలో ఒకే నెలలో కొంటే గేదెల ధర పెరిగింది. ఊళ్లో మేత లేదు, పాల వ్యాను తిరిగేది నాలుగు ఊళ్లకే. ఏడాదిన్నర తిరిగేసరికి సగానికి పైగా గేదెలు అమ్ముడుపోయాయి, అప్పులు మిగిలాయి. కాగితం మీద మా శాఖ లక్ష్యాన్ని నూటికి నూరు పాళ్లు సాధించింది, ఆ ఫైళ్ల మీద సంతకం నాదే. అప్పు కూడా ఒక కాలువ లాంటిదే. ముందు గడ్డి, ఆ తర్వాత పాల కేంద్రం, చివరికి గేదె అన్న వరుస తప్పితే మంచి పథకం కూడా జనాన్ని ముంచుతుంది. కరువు నుంచి కోలుకోవడానికంటూ బోర్లకు ఇచ్చిన అప్పులు ఇంతకన్నా పెద్ద కథ, అది వేరే సమాధానం అవుతుంది.

రెండో రూపాయి గురించి చెప్పినప్పుడు మరమ్మతు అన్నాను. చాలామందికి ఇది చిన్నమాటగా తోస్తుంది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ పల్లెల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది, వారం రోజుల్లో తాత్కాలిక గేటు బిగించే సరికి టీఎంసీల కొద్దీ నీరు దిగువకు వదలవలసి వచ్చింది. అనంతపురం జిల్లాకు ఎగువ కాలువ ద్వారా వచ్చే నీరు ఆ జలాశయానిదే. పూడిక వల్ల దాని నిల్వ సామర్థ్యం మొదట ఉన్న 133 టీఎంసీల నుంచి 106 టీఎంసీలకు దగ్గరగా పడిపోయిందన్నది ఇంకొక సంగతి. ఒక గొలుసు ఖరీదు ఎంత, దాని కింద ఆధారపడిన పంట ఖరీదు ఎంత అని లెక్క వేసుకుంటే, ఏ కొత్త ప్రాజెక్టుకూ ఆ గుణకం రాదు. కానీ గొలుసు మార్చినందుకు శిలాఫలకం వేయరు. అభివృద్ధి చెందుతున్న దేశాల బడ్జెట్లన్నిటిలోనూ ఇదే బలహీనత. డబ్బు తగ్గితే మొదట కోత పడేది నిర్వహణ పద్దుకే.

మీ మూడో ప్రశ్న ఫ్యాక్టరీల గురించి. కడప, ఉమ్మడి అనంతపురం జిల్లాలు పక్కపక్కనే ఉండి రెండు రకాల జవాబులిస్తున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. రాయితీలు ఇచ్చారు, నిజమే, కానీ రాయితీలు అందరూ ఇస్తారు. అక్కడ 44వ జాతీయ రహదారి ముందే ఉంది, బెంగళూరు దగ్గర, అన్నిటికంటే ముఖ్యంగా హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు గొల్లపల్లి జలాశయానికి చేరే ఏర్పాటు ఉంది. దశాబ్దాల పాటు "ఎప్పటికవుతుంది ఈ కాలువ" అని మనం తిట్టుకున్న పనే చివరికి కర్మాగారాన్ని తెచ్చిపెట్టింది. కడప ఉక్కు కర్మాగారం మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. జమ్మలమడుగు ప్రాంతంలో 2018 డిసెంబరులో ఒకటి, 2019 డిసెంబరులో ఒకటి, 2023 ఫిబ్రవరిలో ఒకటి, వెరసి మూడు శంకుస్థాపనలు జరిగాయి. ఏ ప్రభుత్వానిది తప్పు అన్న చర్చలోకి నేను పోను. పెట్టుబడిదారుడికి ముడిసరుకు, నీరు, రైలు, గిరాకీ కుదరనిదే రాయి వేసినంత మాత్రాన ఉక్కు కరగదు. కాబట్టి "ఫ్యాక్టరీ వస్తే మిగతావి సర్దుకుంటాయి" అన్న వరుసను తిప్పి చదవాలి. నీరు, దారి, కరెంటు, చదువుకున్న పిల్లలు సర్దుకున్న చోటికి ఫ్యాక్టరీ వస్తుంది.

చదువుకున్న పిల్లలన్నాను కనుక ఒక్క అంకె. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల వయసుకు కూడా సులభమైన పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేని పిల్లలు కరోనాకు ముందు 57 శాతం ఉంటే, తర్వాత 70 శాతానికి చేరి ఉంటారని ప్రపంచ బ్యాంకు, యునిసెఫ్ తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. ఈ నష్టం పదిహేనేళ్ల తర్వాత కూలీల ఉత్పాదకతలో కనబడుతుంది, అప్పటికి ఆ బడ్జెట్ రాసినవారెవరూ పదవిలో ఉండరు.

అప్పుల వ్యవహారం దగ్గర కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. 2020లో కేంద్రం ప్రకటించిన 20 లక్షల కోట్ల ప్యాకేజీలో పెద్ద భాగం ఖర్చు కాదు, రుణ సదుపాయం. చిన్న పరిశ్రమలకు మూడు లక్షల కోట్ల హామీ రుణ పథకం మంచి పథకమే, చాలా యూనిట్లను నిలబెట్టింది. కానీ అది అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవారికి, ఆ బకాయిలో 20 శాతం మేరకు ఇచ్చేది. ఆదోనిలో మిల్లు ఉన్నవాడికి వచ్చింది, మిల్లు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడికి రాలేదు. ఆ టీ కొట్టువాడి కోసం జూన్‌లో వీధి వ్యాపారులకు 10,000 రూపాయల రుణ పథకం వేరుగా రావలసి వచ్చింది. ఇక మారటోరియం. ఆరు నెలలు కంతు కట్టనక్కర లేదంటే జనం వడ్డీ కూడా లేదనుకున్నారు. వడ్డీ కూడుతూనే ఉంటుందని కౌంటరు దగ్గర వివరించలేక మేము పడిన అవస్థ అంతా ఇంతా కాదు. గిరాకీ లేనప్పుడు అప్పు ఇవ్వడం ఊరటే గాని కోలుకోవడం కాదు. కొనేవాడు లేని దుకాణానికి అప్పిస్తే అది ఇంకొన్నాళ్లు మూతపడకుండా ఉంటుంది, అంతే. అందుకే కూలి, నగదు సాయం ముందు రావాలి, వాటి వెంట రుణం రావాలి.

ఇంతవరకు నేను చెప్పినదానికి పరిమితులున్నాయి. అన్నిటికంటే పెద్దది, దేశం చేతిలో విదేశీ మారకం. ధనిక దేశం తన సొంత కరెన్సీలో అప్పు చేసి పంచగలదు. డాలర్లలో అప్పు చేసి చమురు, ఎరువులు దిగుమతి చేసుకునే దేశానికి ఆ స్వేచ్ఛ లేదు. శ్రీలంక 2019 చివర్లో పన్నులు భారీగా తగ్గించుకుంది, కరోనాతో పర్యాటకం పడిపోయింది, 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి వరి దిగుబడిని దెబ్బతీసుకుంది, నవంబరులో వెనక్కి తగ్గేసరికి అదను దాటిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. జాంబియా 2020 నవంబరులో చెల్లింపు తప్పితే, అప్పిచ్చిన ప్రభుత్వాలతో ఒప్పందానికి 2023 జూన్ దాకా పట్టింది. అప్పు చెల్లించలేనివాడితో తొందరగా లెక్క తేల్చుకోవడం ఇద్దరికీ మేలని ఏ బ్యాంకు మేనేజరైనా చెబుతాడు, కానీ దేశాల మధ్య ఆ ఏర్పాటు ఇంకా సరిగా లేదు. 2021 ఆగస్టులో అంతర్జాతీయ ద్రవ్యనిధి 650 బిలియన్ డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లను, అంటే సభ్య దేశాలు విదేశీ మారకంగా మార్చుకోగల నిల్వలను, పంచినప్పుడు, కోటాల లెక్కన పంచడం వల్ల వర్ధమాన, అభివృద్ధి చెందుతున్న దేశాలన్నిటికీ కలిపి అందింది దాదాపు 275 బిలియన్లే. అవసరం ఒకరిది, వాటా ఇంకొకరిది.

మనమూ ఆ అంచు దాకా పోయి వచ్చినవాళ్లమే. 1991లో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మారకం మాత్రమే మిగిలినప్పుడు, దేశం మే నెలలో 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండ్ బ్యాంకుకు పంపి, జులైలో ఇంకో 47 టన్నులు ఇంగ్లండుకు విమానాల్లో పంపి అప్పు తెచ్చుకుంది. ఆ రోజుల్లో నేను కొత్త అధికారిగా బంగారు తాకట్టు కౌంటరులో కూర్చునేవాణ్ణి. దేశం చేస్తున్న పని నాకు పూర్తిగా అర్థమైంది: నగ పోకుండా నగ మీద కాలం కొనుక్కోవడం. అలా కొన్న కాలాన్ని సంస్కరణలకు వాడుకున్న ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు అదే ఏడాది నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. తాకట్టు డబ్బుతో విత్తనం కొన్నవాడు నగ విడిపించుకుంటాడు, పెళ్లి విందు పెట్టినవాడు వేలానికి వదులుకుంటాడు. దేశానికైనా అంతే.

ఇంకొక జాగ్రత్త: సరుకు రాకుండా నగదు మాత్రమే పంచితే ధర పెరిగి ఆ నగదును మింగేస్తుంది. అందుకే 2020లో డబ్బుతోపాటు మనిషికి నెలకు అయిదు కిలోల ఉచిత గింజలు ఇవ్వడం సరైన జోడింపు. గోదాముల్లో నిల్వలున్నాయి కాబట్టి అది వీలైంది. మూడోది, ఆపదలో అర్హుల వడపోత. మొదటి రెండు నెలలు అందరికీ ఇచ్చి, తర్వాత జాబితా శుభ్రం చేసుకోవడమే మేలు. అనర్హుడికి ఒక విడత అందితే పోయేది డబ్బే, అర్హుడికి ఒక విడత తప్పితే ఎద్దులు పోతాయి. కానీ ఆ శుభ్రం చేసే పని ఎన్నికల భయంతో ఎప్పటికీ చేయకపోతే మరమ్మతు పద్దుకు డబ్బు మిగలదు, అప్పుడు మీ అనుమానమే నిజమవుతుంది.

మీరు ప్రొద్దుటూరులోనే ఉన్నారు కాబట్టి ఒక సూచన. పరిశోధనా వ్యాసం రాయాలనుకుంటే జీడీపీ పట్టికలతో మొదలుపెట్టకండి. బంగారం అంగళ్లకు మీ ఊరు పేరుమోసినది. వాటిలోనూ, తాకట్టు దుకాణాల్లోనూ, బ్యాంకుల్లోనూ కూర్చుని, 2020 నుంచి ఏ నెలలో ఎన్ని నగలు తాకట్టుకు వచ్చాయి, ఏ నెలలో ఎన్ని విడిపించుకున్నారు, ఎన్ని వేలానికి పోయాయి అన్న మూడు వరుసలు సేకరించండి, పేర్లు అక్కర లేదు. వాటి పక్కన నాలుగో వరుసగా మీ చుట్టుపక్కల మండలాల్లో ఉపాధి కూలి ఖాతాల్లో పడిన తేదీలు వేయండి. పని జరిగిన తేదీలు కాదు, డబ్బు పడిన తేదీలు. ఆ పట్టిక తయారైతే ఇక్కడే పెట్టండి, నా దగ్గరున్న పాత లెక్కలతో పోల్చి చూస్తాను.